చలువ చేసే ప్లగ్గులు

కరీంనగర్‌లో బోటు మెకానిక్ అంటే జనం నవ్వుతారు. నాకు పిల్లనిచ్చిన మామ కూడా నవ్వాడు. మెట్‌పల్లిలో వాళ్ళింటి అరుగు మీద కూర్చోబెట్టి, "సముద్రం ఏడున్నది నాయినా మనకు? నువ్వు బాగుజేసేటియి బోట్లా, బోర్లా?" అని అడిగాడు. బోర్లు అని ఉంటే ఇంకాస్త మర్యాద దక్కేది. నేను బోట్లే అన్నాను. చివరికి సంబంధం తెచ్చిన మా పాస్టరు గారే కల్పించుకున్నారు. "దేవుని కొడుకే పడవలోళ్ళను ఏరుకున్నడు, నడుమ నీకేం నొప్పి?" అన్నారు. అట్లా నా పెళ్ళయింది.

ముప్పై రెండేళ్ళు సర్కారు బోట్ల యూనిట్‌లో ఆ పనే చేశాను. ఎండాకాలం, చలికాలం రిజర్వాయరు మీద షికారు బోట్లు, వానాకాలం గోదావరి మీద వరద బోట్లు. సముద్రం ఇప్పటికీ చూడలేదు. చూడాలన్న కోరిక కూడా లేదు, అక్కడి ఇంజన్లకు ఉప్పు పడుతుందట, ఆ పరేషాన్ నాకెందుకు.

కొత్తగా పనిలో చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు రాసిమ్మని ఆఫీసువాళ్ళు అడిగారు. ప్రమోషన్ల గురించి రాయను, రాలేదు కనుక. ఫైళ్ళ గురించి రాయను, అవి చదివినవాడెవడూ బోటెక్కలేదు, బోటెక్కినవాడెవడూ అవి చదవలేదు. స్పార్క్ ప్లగ్గు గురించి రాస్తాను. వేలంత సామాను. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు దాంట్లోనే ఉంది, కాబట్టి అక్కడిదాకా ఓపికగా చదవండి.

ఇంజన్ నాలుక

నేను పని నేర్చుకున్నది బోట్ల మీద కాదు, మోపెడ్ల మీద. మెట్‌పల్లి బస్టాండు పక్కన హమీద్ ఉస్తాద్ అని ఒకాయన షెడ్డు ఉండేది. బండి ఏ రోగంతో వచ్చినా ఆయన ముందు ప్లగ్గు విప్పేవాడు. "డాక్టర్ దగ్గరికి పోతే మొట్టమొదలు ఏం జూస్తడ్రా? నాలుక. గిది ఇంజన్ నాలుక. జర చూడు, అదే చెప్తది," అనేవాడు. ఆయనకు గుర్తున్న వైద్యశాస్త్రం అంతే. కానీ ఆ ఒక్క ముక్కతో నేను ముప్పై రెండేళ్ళు నెట్టుకొచ్చాను.

పడవ వెనక చెక్కకు బిగించే మోటార్లలో మా దగ్గర ఎక్కువగా ఉన్నవి రెండు సిలిండర్లవి, అంటే రెండు ప్లగ్గులు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తాం. ప్లగ్గు పని నిప్పురవ్వ పుట్టించడం. కాసేపు నడిపి, ఆపి, విప్పి దాని కొన చూడండి. పాలు తగ్గించి కాచిన చాయ్ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే లోపల మితిమీరి కాలుతోంది. నల్లగా, తడితడిగా, బొగ్గు పూసినట్టుంటే సరిగా కాలడం లేదు, ఎప్పుడో ఒకప్పుడు, మీకు ఇంజను అవసరమైన రోజునే, అది మూగదవుతుంది.

విప్పడానికీ ఒక పద్ధతి ఉంది. తీగ పట్టుకుని లాగకండి, ప్లగ్గు మీది టోపీ పట్టుకుని లాగండి. ఇంజను చల్లారాక విప్పండి, ఎందుకంటే ఇంజన్ తల అల్యూమినియంది, వేడిమీద విప్పితే మరలు ప్లగ్గుతో పాటే ఊడి వస్తాయి. విప్పే ముందు చుట్టూ ఉన్న ఇసుకను ఊదేయండి. కొత్తది బిగించేటప్పుడు పానా ముట్టుకోకండి. మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే తిరగాలి. వేళ్ళకు తిరగలేదంటే మర తప్పినట్టు, వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టాలి. వేళ్ళు ఆగిన తరువాత పానాతో అరచుట్టు. అంతే. కండలు చూపించాలనుకుంటే ఊళ్ళో కబడ్డీ ఉంటుంది.

నేను చేరిన మొదటి ఏడాది కండలు చూపించాను. మర చెడి ఇంజన్ తల హైదరాబాదు పంపాల్సి వచ్చింది. అప్పటి మా సార్ ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టేవాడు, అందుకని బతికిపోయాను. ఆయనను అందరూ తిట్టేవారు. నేను మాత్రం తిట్టలేదు.

వేడిది, చలువది

ఇప్పుడు అసలు సంగతి. ప్లగ్గుల్లో వేడివి, చల్లనివి అని రకాలుంటాయి. ఆ పేర్లు పెట్టినవాడెవడో గానీ మన తెలుగువాళ్ళ తిండి సంగతి తెలియనివాడు. మనకు మామిడిపండు వేడి చేస్తుంది, మజ్జిగ చలువ చేస్తుంది. ప్లగ్గు విషయంలో అర్థం వేరు. లోపలి వేడిని తొందరగా బయటికి పంపేసి తన కొనను చల్లగా ఉంచుకునేది చల్లని ప్లగ్గు. వేడిని కొన దగ్గరే కాసేపు నిలుపుకునేది వేడి ప్లగ్గు. చల్లని ప్లగ్గు ఇంజన్‌ను చల్లబరచదు. అది తనను తాను చల్లగా ఉంచుకుంటుంది, మా ఆఫీసులో కొందరిలాగా.

ఎప్పుడూ పూర్తి వేగంతో ఉరికే ఇంజన్‌కు చల్లనిది కావాలి, లేకపోతే కొన ఎర్రగా కాలి పిస్టన్‌కే బొక్క పడుతుంది. రోజంతా మెల్లగా నడిచే ఇంజన్‌కు చల్లనిది పెడితే కొనకు తగినంత వేడి పుట్టదు, ఆయిలు కాలదు, మసి పేరుకుంటుంది. అందుకే ఇంజన్‌తో వచ్చిన పుస్తకంలో ఏ నంబరు రాసి ఉందో అదే కొనండి. నంబరు పెరిగితే వేడా, చల్లనా అని నన్నడగకండి. ఒక కంపెనీకి అంకె పెరిగితే చల్లన, ఇంకో కంపెనీకి అంకె పెరిగితే వేడి. షాపువాడు "అన్నీ ఒకటే" అంటాడు. వాడి దృష్టిలో అన్నీ ఒకటే, నిజమే, వాడు బోటెక్కడు కదా.

ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేశానో చెప్తాను.

అట్లనే సార్

రిటైర్మెంటుకు మూడేళ్ళ ముందు మా యూనిట్‌కు ఒక ఇంజనీరు సార్ వచ్చాడు. మంచివాడు. పైసా ఆశించడు, అబద్ధమాడడు, బోటెక్కడానికి భయపడని ఒకే ఒక్క పైఅధికారి. సిమెంటు గురించి ఆయనకు తెలియనిది లేదు. చిక్కేమిటంటే, సిమెంటు తెలిసినవాడికి అన్నీ తెలుసని ఆయన నమ్మకం.

ఒక ఏప్రిల్‌లో, రిజర్వాయరు గట్టు మీద కాలు పెడితే చెప్పు అంటుకుపోయేంత ఎండలో, ఆయన వచ్చి ఇంజన్ మూత మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు.

"ప్రభుదాసు, ఒంట్లె వేడైతే నువ్వేం తాగుతవయ్యా?"

"సల్ల తాగుత సార్," అన్నాను, మజ్జిగ అన్నమాట.

"మరి ఇంజన్‌కు వేడైతే?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు.

"చల్లటి ప్లగ్గు! ప్లగ్గులల్ల చల్లటియి ఉంటయని పుస్తకంలనే ఉన్నది. మన ఎండలకు అవే కరెక్టు. అన్ని బోట్లకు మార్చుర్రి. చలికాలం వస్తె మల్ల వేడియి పెడుదాం."

ఆ రోజు నుంచి మేము ఆయనను చలువ సార్ అనుకునేవాళ్ళం, ఆయన వినకుండా.

ఆ క్షణంలో నేను చెప్పవలసింది రెండే మాటలు. సార్, చల్లటి ప్లగ్గంటే అది కాదు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నేను ఐటీఐ కూడా చదవలేదు, ఆయన ఇంజనీరు, చుట్టూ పదిమంది ఉన్నారు. ఇవి పైకి చెప్పుకునే కారణాలు. అసలు కారణం వేరే. నాకు ఆయన తప్పు చేయడం చూడాలనిపించింది. పెద్ద చదువులవాడు బోల్తా కొడితే మనలాంటివాళ్ళకు ఎంత కమ్మగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

"అట్లనే సార్," అన్నాను.

మా శాఖలో అతి ఎక్కువగా వాడిన పనిముట్టు ఆ మాటే. పానాలు అరిగిపోయాయి గానీ అది అరగలేదు.

రేగుమాల్ కాగితం

షికారు బోట్లు ఉరకవు. పెళ్ళాం పిల్లలతో వచ్చినవాడు ఫొటోలు దిగుతుంటే నత్తనడకన నడుస్తాయి. చలువ ప్లగ్గులకు వారం తిరక్కుండా నల్లటి మసి పట్టింది. మా బోటు నడిపే అంజయ్య మొదట కనిపెట్టాడు. అంజయ్య సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పెరిగినవాడు. ఆ కూలి చాలక పడవలోకి వచ్చాడు. నలభై సాంచాలు ఒక్కసారి ఆడుతున్న షెడ్డులో ఏ ఒక్కటి ఆగినా చెవితోనే పట్టేవాడట. ఆ చెవి ఇక్కడా పనిచేసింది.

"అన్నా, ఇంజన్ల ఒక సాంచ కుంటుతాంది. ఇనవడ్తలేదా?"

విప్పి చూశాను. బొగ్గు. రేగుమాల్ కాగితం, అంటే గరుకు కాగితం, తీసి కొన గీకి, పెట్రోల్లో ముంచి, మళ్ళీ బిగించాను. ఆ శుక్రవారం గీకాను, మరుసటి శుక్రవారం మళ్ళీ గీకాను. మీరు అట్లా గీకకండి. రేగుమాల్ గరుకు రేణువు ఒక్కటి లోపల పడినా సిలిండర్‌ను గీరుతుంది. గీకిన చోట మసి ఇంకా తొందరగా అంటుకుంటుంది.

"సార్‌కు జెప్పరాదె అన్నా?" అన్నాడు అంజయ్య.

"చెప్పినా ఇంటడా?"

"చెప్తెనే గద ఇనేది."

నేను వినిపించుకోలేదు. ఇంజన్‌తో వచ్చిన అసలు ప్లగ్గులు రెండు, చాయ్ రంగులో ఉన్నవి, పారేయకుండా దాచాను. ఎక్కడ దాచానంటే నా కళ్ళజోడు పెట్టెలో. రెండూ పక్కపక్కన కొలిచి చేసినట్టు పట్టాయి. కళ్ళజోడు చొక్కా జేబులో ఊరికే వేసుకుని తిరిగి అద్దానికి గీత పడ్డా సరే, పెట్టె మాత్రం ప్లగ్గులకే ఇచ్చాను. ఒకనాడు సార్ తప్పని అందరి ముందూ తేలుతుంది, అప్పుడు ఠక్కున పెట్టె తెరిచి చూపించాలి. రాత్రి పడుకునేముందు ఆ సన్నివేశం ఎన్నిసార్లు ఊహించుకున్నానో. నా భార్య రాణి, "కండ్లద్దాలు ఖరాబు జేసుకొని ప్లగ్గులను ముద్దుగ వెంచుతున్నవ్," అని నవ్వేది.

కుర్రు

ఆ ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. మమ్మల్ని బోటుతో సహా ధర్మపురికి దిగువన గోదావరి ఒడ్డుకు పంపారు. నది నడుమ ఉండే ఇసుక దిబ్బను అక్కడ కుర్రు అంటారు. అంతకు ముందురోజు నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు గొర్లను మేపుకోవడానికి మల్లవ్వ, ఆమె పెనిమిటి రాజయ్య ఆ కుర్రు మీదికి పోయారు. తెల్లారేసరికి నీళ్ళు చుట్టుముట్టాయి. ఎగువన ప్రాజెక్టు గేట్లు ఇంకా ఎత్తుతారని, పదకొండు గంటల లోపల అందరినీ తెచ్చేయాలని కబురు వచ్చింది. అప్పటికి ఎనిమిది కావస్తోంది. రెండు ట్రిప్పులకు సరిపడా సమయం. మనుషులకొకటి, గొర్లకొకటి.

బోటు నీళ్ళలో దింపి ఇంజన్ వేసేసరికి ఒక పెద్దమనిషి బండ్ల వరుసతో దిగాడు. కొబ్బరికాయ కొట్టాలన్నాడు. కొబ్బరికాయ లేదు, తెచ్చేదాకా ఆగమన్నాడు. తెచ్చాక ఫొటోగ్రాఫర్ లేడు. ఇంజన్ ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదోనని నాకు భయం, అట్లాగే నడవనిచ్చాను. ముప్పావుగంట సేపు ఖాళీగా, సన్నగా గురగురమంటూ నడిచింది. చలువ ప్లగ్గుకు అంతకంటే విషం లేదు. నాకు తెలుసు. పెట్టె జేబులో ఉంది. సార్ ఒడ్డు మీదే, నాకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన ముందు మార్చితే అడుగుతాడు, అడిగితే చెప్పాలి. నిన్ననే గీకాను కదా, ఈ ఒక్కరోజుకు ఆగుతాయిలే అనుకున్నాను.

నడిప్రవాహంలోకి రాగానే అంజయ్య పూర్తి వేగం ఇచ్చాడు. ఇంజను దగ్గింది.

"అన్నా, ఒక సాంచ బందైంది!"

నేను జవాబు చెప్పేలోగా రెండోది కూడా బందైంది. అంతసేపూ మోటారు హోరులో వినిపించని గోదావరి చప్పుడు ఒక్కసారిగా చెవుల్లో పడింది. బోటు అడ్డం తిరిగి దిగువకు కొట్టుకుపోతోంది. అంజయ్య లంగరు విసిరాడు. అది రెండుసార్లు జారి మూడోసారి ఇసుకలో పట్టింది.

మూత తీశాను. ఇంజను ముట్టుకుంటే కాలుతోంది. చల్లారాక విప్పాలని పైన రాశానే, ఆ మాట గోదావరితో చెప్పే వీలు లేదు. తువ్వాలు తడిపి చుట్టి, పానా మెల్లగా, మర ఊడిరావద్దని ప్రార్థిస్తూ తిప్పాను. వచ్చింది. నల్లగా, ఆయిలు కారుతూ. కళ్ళజోడు పెట్టె తెరిచి మంచిది తీసి వేళ్ళతో పెట్టాను. బోటు ఊగుతోంది, వేళ్ళు కాలుతున్నాయి, మర పట్టదు. మూడుసార్లు వెనక్కి తీశాను.

"జల్దీ అన్నా!"

"జల్దీ జేస్తె మర పోతది. మర పోతె ఈడికెల్లి ధవళేశ్వరం దాక నువ్వూ నేనే."

రెండూ పెట్టేసరికి వేళ్ళ చర్మం ఊడింది. తాడు లాగగానే ఇంజన్ అందుకుంది, రెండు సాంచాలూ ఆడాయి. అంజయ్య లంగరు పైకి లాగాడు. కానీ చాలాసేపు పోయింది, దిగువకు కొట్టుకుపోయిన దూరమంతా మళ్ళీ ఎదురెక్కాలి.

కుర్రు చేరేసరికి వాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నారు. నడుమ ఎత్తు మీద గొర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి, ఇరవై రెండు. రాజయ్య ఎక్కాడు. మల్లవ్వ ఎక్కలేదు.

"గొర్లను ఇడిసి నేనెట్ల వస్త?"

"ముందుగాల మనుషులు అవ్వా. మల్లొచ్చి వాటిని తీస్కపోతం."

"మల్లొస్తవా?"

"వస్తనవ్వా. ఒట్టు."

ఆమె నా కళ్ళలోకి చూసి నమ్మింది. రెండు గొర్రెపిల్లలను చెరో చంకన పెట్టుకుని ఎక్కింది.

ఒడ్డు మీద

ఒడ్డు చేరి వాళ్ళను దింపి బోటు తిప్పుతుంటే పోలీసులు తాడు పట్టుకున్నారు. గేట్లు ఎత్తేశారు, ఇక ఎవరూ దిగొద్దన్నారు. అంజయ్య బతిమాలాడు, నేను అరిచాను. వదల్లేదు, వదలకపోవడమే సరైంది. కాసేపటికి నీటి మట్టం మా కళ్ళ ముందే లేచింది. కుర్రు కనిపించడం మానేసింది. మల్లవ్వ ఏడవలేదు. అటే చూస్తూ, ఒక్కొక్క గొర్రెనూ దాని పేరు పెట్టి పిలిచింది. వాటికి పేర్లుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

చలువ సార్ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందయ్యా, నడుమల ఎందుకాగింది?"

నేను మూడు నెలలుగా ఎదురుచూసిన ఘడియ వచ్చింది. పదిమందీ చుట్టూ ఉన్నారు. కాలిన అరచేతిలో నల్లటి ప్లగ్గులు పెట్టి చూపించాను. "గివి సార్, మీ చలువ ప్లగ్గులు. మసి పట్టి సచ్చినయ్. చలువంటే మీరనుకున్నది కాదు. ఇంజన్‌తోని వచ్చినయి గీ పెట్టెల దాచిన, నా జేబులనే ఉన్నయ్ గనుక మేం బతికినం." కళ్ళజోడు పెట్టె తెరిచి అవి ఉన్న ఖాళీ చోటు కూడా చూపించాను. నేను అనుకున్నట్టే సార్ ముఖం మాడిపోయింది. తల వంచుకుని, "నాకు తెల్వలేదు ప్రభుదాసు," అన్నాడు.

అప్పుడు మల్లవ్వ ఇటు తిరిగింది. చంకలో గొర్రెపిల్లలు రెండూ అలాగే ఉన్నాయి. ఆమెకు ప్లగ్గంటే ఏమిటో తెలియదు, కానీ నేను చెప్పిందంతా వింది. కోపం లేదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది.

"ఆయినెకు తెల్వదు, సరే. నీకు తెల్సుగద కొడుకా. మంచియి జేబుల వెట్టుకొని, చెడ్డయి ఇంజన్ల ఎందుకు వెట్టినవ్?"

ముప్పై రెండేళ్ళలో ఎంతోమంది సార్లు నన్ను ఎన్నో అడిగారు. ఎవరికి ఏం చెప్పాలో నాకు తెలుసు. ఆమె ముందు మాత్రం పెట్టె మూసి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడే సార్ అన్ని బోట్లకూ పాత నంబరు ప్లగ్గులు తెప్పించాడు. ఏదైనా కొత్త ఆలోచన వస్తే ఆ తరువాత నుంచి నన్ను పిలిచి, "ముందుగాల నువ్వు చెప్పు," అనేవాడు. చెప్తే నేర్చుకునే మనిషి. మూడు నెలల ముందు చెప్పినా నేర్చుకునేవాడే.

ఇప్పుడు నా కళ్ళజోడు పెట్టెలో కళ్ళజోడే ఉంటుంది. అద్దం మీద గీత అట్లాగే ఉంది, మార్పించలేదు.